ట్యాపెట్ల గ్యాప్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ట్యాపెట్ సెట్టింగ్ చుట్టూనే తిరిగాయి. ఆ పని ఇంట్లోనే సొంతంగా చేసుకోవాలనుకునేవాళ్లు అడిగినవి ఎంచి జవాబులిస్తున్నాం. ట్యాపెట్ గ్యాప్ అన్నా, వాల్వ్ క్లియరెన్స్ అన్నా ఒకటే. వాల్వు పూర్తిగా మూసుకుని ఉన్నప్పుడు దాని కాడ కొసకూ, దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య మిగిలే సందు అది. రాకర్ లేని ఇంజన్లలో వాల్వులను తెరిచే క్యామ్‌కూ, వాల్వు మీద బోర్లించిన గిన్నెలాంటి బకెట్‌కూ మధ్య ఉంటుంది. చాలా కార్లలో అది 0.15 నుంచి 0.40 మి.మీ. లోపే.

ప్రశ్న: మా కారు లక్షా పదివేల కి.మీ. తిరిగింది. రెండేళ్ల కిందట ఐడ్లింగ్‌లో టిక్ టిక్‌మని ట్యాపెట్ల చప్పుడు వచ్చేది. ఏమీ చేయించకుండానే అది తగ్గిపోయింది. ఇప్పుడు ఇంజను నిశ్శబ్దంగానే ఉంది గానీ పొద్దున స్టార్ట్ చేయగానే వణుకుతోంది, వేడెక్కాక సర్దుకుంటోంది. చప్పుడు లేదు కాబట్టి ట్యాపెట్ల జోలికి వెళ్లనక్కర్లేదు కదా?

జవాబు: వెళ్లాలండి, అదీ త్వరగా. చప్పుడు దానంతటదే తగ్గిందంటే గ్యాప్ దానంతటదే సరైన కొలతకు వచ్చిందని కాదు. తగ్గుతూ తగ్గుతూ ఉండాల్సిన దానికంటే చిన్నదైపోయి ఉండవచ్చు. గ్యాప్ ఎక్కువైతే చెవికి తెలుస్తుంది, తక్కువైతే తెలియదు. ఇంజనుకు ఎక్కువ చేటు చేసేది ఆ రెండోదే.

గ్యాప్ పెరగడానికి కారణం రాకర్ కొస, క్యామ్, వాల్వు కాడ కొస అరగడం. తగ్గడానికి కారణం వాల్వు అంచు, అది కూర్చునే సీటు అరగడం. సీటు అరిగిన కొద్దీ వాల్వు సిలిండర్ హెడ్డులోకి, అంటే సిలిండర్ల మీద ఉండే ఇంజను పైభాగంలోకి, ఇంకాస్త లోతుగా కూర్చుంటుంది, కాడ అంతే మేర పైకి లేస్తుంది, సందు మూసుకుపోతుంది. క్యామ్ నేరుగా బకెట్‌ను నొక్కే ఇంజన్లలో పైభాగం పెద్దగా అరగదు కాబట్టి అక్కడ గ్యాప్ ఎక్కువగా తగ్గే వైపే పోతుంది.

సందు పూర్తిగా పోతే వాల్వు సీటు మీద గట్టిగా కూర్చోదు. కంప్రెషన్ కారిపోతుంది, ఐడ్లింగ్ వణుకుతుంది, పొద్దున స్టార్టింగ్ ఇబ్బంది పెడుతుంది. కొన్ని ఇంజన్లలో వేడెక్కేకొద్దీ హెడ్డు సాగి సందు కాస్త తెరుచుకుంటుంది. మీ కారు వేడెక్కాక సర్దుకోవడానికి అది ఒక కారణం కావచ్చు. అంతకంటే పెద్ద నష్టం వేడి వల్ల. గట్టిగా నడిపేటప్పుడు ఎగ్జాస్ట్ వాల్వు 700 డిగ్రీల సెల్సియస్ దాకా కాగుతుంది. ఆ వేడిలో ఎక్కువ భాగం వాల్వు సీటును తాకి ఉన్నప్పుడే హెడ్డులోకి, అక్కణ్ణించి కూలెంట్‌లోకి దిగుతుంది. ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుంటుంది. ఒక్కో చుట్టులో మూసుకుని ఉండే కాలం దాదాపు మూడింట రెండొంతులు, చల్లబడడానికి దానికి దొరికేది అదొక్కటే. సీటును సరిగ్గా ఆనకపోతే చల్లబడదు సరికదా, మండే వాయువు ఆ సన్నటి సందులోంచి దూసుకుపోతూ అంచును కోసేస్తుంది. వాల్వు కాలిందని మెకానిక్కులు చెప్పేది దీన్నే. ఆ దశకు వచ్చాక ట్యాపెట్ సెట్టింగ్‌తో పని జరగదు, హెడ్డు దింపాల్సిందే. మీది ఇంకా అక్కడిదాకా రాకపోయి ఉండవచ్చు. ఈ వారమే కవర్ విప్పి కొలవండి.

ప్రశ్న: మా ఇంజనులో ట్యాపెట్లు సెట్ చేసే వీలుందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: సర్వీసు మాన్యువల్లో వాల్వ్ క్లియరెన్స్ అంటూ మిల్లీమీటర్లలో అంకె ఉంటే వీలుందన్నమాట. కొన్ని కార్లలో బానెట్ లోపలి స్టిక్కర్ మీద కూడా ఆ అంకె ఉంటుంది. ట్యాపెట్ కవర్ విప్పి చూసినా తెలిసిపోతుంది. రాకర్ కొసన స్క్రూ, దానికి లాక్ నట్ కనిపిస్తే అది ఇంట్లో చేసుకోవడానికి అన్నింటికంటే వీలైన రకం. క్యామ్ కింద గుండ్రటి గిన్నెల్లాంటివి ఉండి స్క్రూలు లేకపోతే అది షిమ్ముల (మందాన్ని బట్టి సందును సరిచేసే లోహపు బిళ్లల) రకమైనా కావచ్చు, బకెట్లనే రకరకాల మందాల్లో ఇచ్చే రకమైనా కావచ్చు, హైడ్రాలిక్ అయినా కావచ్చు. చూపుకు ఇవి ఒకేలా ఉంటాయి కాబట్టి మాన్యువల్ తప్పనిసరి. హైడ్రాలిక్ అయితే ఆయిల్ ఒత్తిడే సందును పూడుస్తుంది, మీరు సెట్ చేయాల్సింది ఏమీ లేదు. రాత్రంతా ఆగిన ఇంజను స్టార్ట్ కాగానే రెండు మూడు సెకన్లు టిక్ మంటే హైడ్రాలిక్ రకంలో అది మామూలే. అంతకుమించి ఆగకుండా వస్తుంటే ముందు ఆయిల్ మట్టం, ఆయిల్ గ్రేడు చూడండి.

ప్రశ్న: నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు, రాకర్ మీద స్క్రూ, లాక్ నట్ ఉన్న రకం. మొదటిసారి చేస్తున్నాను. మొదటి నుంచి చివరిదాకా చెప్పండి.

జవాబు: ముందు సామాను. సందు కొలవడానికి 0.05 నుంచి 0.50 మి.మీ. దాకా బ్లేడ్లున్న ఫీలర్ గేజ్, లాక్ నట్టుకు సరిపోయే రింగ్ స్పానర్, స్క్రూ డ్రైవర్, స్పార్క్ ప్లగ్ సాకెట్, క్రాంక్ పుల్లీ బోల్టుకు సాకెట్, పొడుగు హ్యాండిల్, చిన్న టార్క్ రెంచ్, కొత్త కవర్ ప్యాకింగ్, కాగితం, పెన్ను. ఈ కాగితాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పాత కొలతలు రాసుకోకుండా స్క్రూ తిప్పేస్తే ఏ వాల్వు ఎంత కదిలిందో ఇక ఎప్పటికీ తెలియదు. వచ్చేసారి కొలిచినప్పుడు పోల్చుకోవడానికి ఆ కాగితమే ఆధారం.

ఇంజను చల్లగా ఉండాలి. రాత్రంతా ఆపి ఉంచి పొద్దున్నే మొదలుపెట్టడం మేలు. పాత హోండా డి సిరీస్ ఇంజన్ల మాన్యువల్ 38 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ వేడిలోనే సెట్ చేయమంటుంది. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. కవర్ చుట్టూ పేరుకున్న దుమ్మును బ్రష్షుతో, బట్టతో తుడవండి, లేకపోతే విప్పగానే అంతా క్యామ్ మీద పడుతుంది. ప్లగ్గుల గుంతల్లోని ఇసుక కూడా ఊదేశాకే ప్లగ్గులు తీయండి. నాలుగు ప్లగ్గులూ తీసేస్తే కంప్రెషన్ అడ్డు ఉండదు, ఇంజను చేత్తో తేలిగ్గా తిరుగుతుంది, కావలసిన చోట ఆగుతుంది. తీశాక ఆ రంధ్రాల మీద శుభ్రమైన బట్ట కప్పండి. ఒక నట్టు గాని, వాషర్ గాని సిలిండర్‌లో పడితే గంట పని రోజంతా పడుతుంది.

ఇంజనును క్రాంక్ పుల్లీ బోల్టు పట్టి మాత్రమే తిప్పండి, క్యామ్ బోల్టు పట్టి తిప్పకండి. తిప్పేది కూడా ఇంజను మామూలుగా తిరిగే వైపే. పుల్లీ ఎదురుగా నిలబడి చూస్తే చాలా ఇంజన్లకు అది గడియారం ముల్లు తిరిగే దిక్కు. పైన చెప్పిన హోండా డి సిరీస్‌లో మాత్రం దానికి ఎదురు దిక్కు. వెనక్కి తిప్పితే క్యామ్‌ను తిప్పే టైమింగ్ బెల్టు టెన్షనర్ వైపు వదులై పళ్లు దాటే ప్రమాదం ఉంది, పాతబడిన బెల్టయితే మరీ. గుర్తు దాటిపోతే వెనక్కి లాగకుండా ఇంకో రెండు చుట్లు ముందుకే తిప్పి మళ్లీ గుర్తు దగ్గరికి రండి.

ఇప్పుడు ఒకటో సిలిండర్‌ను కంప్రెషన్ స్ట్రోకు చివర, టిడిసి (పిస్టన్ అన్నింటికంటే పైకి చేరే చోటు) దగ్గర ఆపాలి. మొదటిసారి చేసేవాళ్లు పొరపడేది ఇక్కడే. పుల్లీ మీది గుర్తు ఒక సైకిల్లో రెండుసార్లు ఎదురవుతుంది. ఒకసారి కంప్రెషన్ చివర, ఇంకోసారి ఎగ్జాస్ట్ చివర. గుర్తు కుదిరాక ఒకటో సిలిండర్ రాకర్లను వేళ్లతో కదిపి చూడండి. రెండూ లూజుగా కదిలితే కంప్రెషన్. పుల్లీని కాస్త ముందుకు కదిపినప్పుడు ఒక రాకర్ దిగుతూ రెండోది లేస్తూ ఉంటే అది ఎగ్జాస్ట్ చివర, ఇంకో పూర్తి చుట్టు తిప్పాలి. మొదటి స్థానంలో ఉన్నప్పుడు ఆ తక్కెడ కదలిక నాలుగో సిలిండర్‌లో కనిపించాలి.

ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-3-4-2 అయితే ఆ ఒక్క స్థానంలోనే నాలుగు వాల్వులు కొలవవచ్చు: ఒకటో సిలిండర్ ఇన్లెట్, ఎగ్జాస్ట్, రెండో దాని ఇన్లెట్, మూడో దాని ఎగ్జాస్ట్. క్రాంక్‌ను సరిగ్గా ఒక చుట్టు, అంటే 360 డిగ్రీలు తిప్పాక మిగతా నాలుగు: నాలుగో సిలిండర్ ఇన్లెట్, ఎగ్జాస్ట్, మూడో దాని ఇన్లెట్, రెండో దాని ఎగ్జాస్ట్. సిలిండర్‌కు నాలుగు వాల్వులున్నా లెక్క ఇదే, జతలుగా చూసుకోవాలి. ఇది తికమకగా అనిపిస్తే ఒక్కో సిలిండర్‌ను దాని కంప్రెషన్ టిడిసికి తెచ్చి, దాని వాల్వులన్నీ అప్పుడే చూసుకోండి. కాస్త ఎక్కువ సేపు పడుతుంది గానీ తప్పు జరగదు, మూడు సిలిండర్ల ఇంజనుకు కూడా పనికొస్తుంది.

కొలిచేటప్పుడు బ్లేడును పలచగా ఆయిల్‌తో తుడిచి, వంచకుండా తిన్నగా దూర్చండి. వంగిన బ్లేడు సందు ఉన్నదానికంటే చిన్నగా ఉన్నట్టు చూపిస్తుంది. దొంతర పుస్తకాల మధ్యనుంచి కాగితం లాగినంత పట్టు తగలాలని చెబుతారు గానీ ఒకరికి తగిలిన పట్టు ఇంకొకరికి తగలదు. అంతకంటే నమ్మకమైంది రెండు బ్లేడ్ల పద్ధతి. మాన్యువల్లో 0.18 నుంచి 0.22 అని ఉంటే 0.18 బ్లేడు అడ్డం లేకుండా దూరాలి, 0.23 అసలు దూరకూడదు. రెండూ కుదిరితే ఆ స్క్రూ ముట్టుకోకండి.

మార్చాల్సి వస్తే లాక్ నట్టును సగం చుట్టు వదులు చేసి, బ్లేడు సందులో ఉంచి స్క్రూను మెల్లగా తిప్పండి. ఎంత మెల్లగా అంటే, 0.75 మి.మీ. పిచ్ ఉన్న స్క్రూ పావు చుట్టు తిరిగితేనే దాదాపు 0.19 మి.మీ. మారిపోతుంది. అంటే ఒక వాల్వు గ్యాప్ మొత్తం పావు చుట్టులోనే. తర్వాత స్క్రూ డ్రైవర్‌తో స్క్రూను కదలకుండా పట్టుకుని నట్టు బిగించండి, బ్లేడు తీసి మళ్లీ కొలవండి. నట్టు బిగిసేటప్పుడు స్క్రూ దానితోపాటు కొద్దిగా తిరుగుతుంది, మర వదులు తీరి పైకి కూడా లేస్తుంది. బిగించిన తర్వాత వచ్చిన కొలతే అసలు కొలత. ఆ డి సిరీస్‌లో నట్టు టార్క్ 20 న్యూటన్ మీటర్లు. మీ ఇంజనుది మాన్యువల్లో చూసుకోండి. సన్న మర నట్టును చేతి బలంతో లాగితే మర తెగుతుంది.

అన్నీ అయ్యాక ఇంజనును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, ఎనిమిదీ మళ్లీ కొలవండి. ఒకటి రెండు తేడాగా కనిపించడం మామూలే. తిప్పుతుండగా ఎక్కడైనా గట్టిగా అడ్డం తగిలితే బలం ఉపయోగించవద్దు. ఏదో తగులుతోందన్నమాట, ఆగి వెతకండి.

ప్రశ్న: వేడి మీద చేస్తే ఏమవుతుంది? చల్లారే దాకా ఆగే ఓపిక లేదు. వేడి కొలతను లెక్కగట్టి మార్చుకోలేమా?

జవాబు: మార్చుకోలేం. వేడికి వాల్వు కాడ సాగుతుంది, అల్యూమినియం హెడ్డు అంతకంటే ఎక్కువ సాగుతుంది. ఏ భాగం ఏ వైపు సాగుతుందన్నది ఇంజను అమరికను బట్టి ఉంటుంది. ఒక దాంట్లో వేడెక్కితే గ్యాప్ పెరుగుతుంది, ఇంకో దాంట్లో తగ్గుతుంది. అందరికీ పనికొచ్చే ఒక అంకె లేదు. మాన్యువల్లో వేడి కొలత విడిగా ఇచ్చి ఉంటే తప్ప చల్లగానే చేయండి. వేడి మీద చేయమని ఉన్న ఇంజన్లలో కూడా కవర్ విప్పిన క్షణం నుంచే చల్లారడం మొదలవుతుంది, ఎనిమిదో వాల్వు దగ్గరికి వచ్చేసరికి మొదటిదాన్ని కొలిచిన వేడి ఉండదు.

ప్రశ్న: తొమ్మిది లెక్క ప్రకారం సెట్ చేశాను. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది, ఏడోది తెరుచుకుంటే రెండోది, అలా. తర్వాత ఇంజను మరీ మొరాయిస్తోంది. లెక్కే తప్పా?

జవాబు: లెక్క తప్పు కాదు, అది మీ ఇంజనుకు సరిపడదు. మీరు పంపిన వరస ఇన్లెట్, ఎగ్జాస్ట్, ఇన్లెట్, ఎగ్జాస్ట్ అని చివరిదాకా ఒకటి విడిచి ఒకటిగా ఉంది. తొమ్మిది లెక్క పనిచేసేది రెండు కొసల నుంచి చూసినా వరస అద్దంలోలా ఒకేలా కనిపించే ఇంజన్లలో: ఎగ్జాస్ట్, ఇన్లెట్, ఇన్లెట్, ఎగ్జాస్ట్, మళ్లీ ఎగ్జాస్ట్, ఇన్లెట్, ఇన్లెట్, ఎగ్జాస్ట్. అక్కడ ఎనిమిదోది నాలుగో సిలిండర్ ఎగ్జాస్ట్, ఒకటోది ఒకటో సిలిండర్ ఎగ్జాస్ట్. ఒకే రకం వాల్వులు, క్యామ్ మీద సరిగ్గా సగం చుట్టు ఎడం. ఒకటి పూర్తిగా తెరుచుకుంటే రెండోది క్యామ్ వీపు (ముక్కుకు ఎదురుగా ఉండే గుండ్రటి వైపు) మీద ఉంటుంది. మీ వరసలో ఎనిమిదోది ఎగ్జాస్ట్, ఒకటోది ఇన్లెట్. ఎనిమిదోది పూర్తిగా తెరుచుకున్న సమయానికి ఒకటోది అప్పుడే మూసుకుంటూ క్యామ్ వాలు దగ్గర ఉంటుంది. అక్కడ కొలిచి సెట్ చేస్తే అసలు గ్యాప్ తప్పుతుంది.

మీరు ఇలా గుర్తుపెట్టుకోండి: ఒకటికి నాలుగు, రెండుకు మూడు జతలు. నాలుగో సిలిండర్ ఇన్లెట్ పూర్తిగా తెరుచుకుంటే ఒకటో సిలిండర్ ఇన్లెట్ కొలవాలి. మూడో దాని ఎగ్జాస్ట్ తెరుచుకుంటే రెండో దాని ఎగ్జాస్ట్. రకం మారకూడదు. క్యామ్ కంటికి కనిపిస్తుంటే ఏ లెక్కా అక్కర్లేదు, కొలిచే వాల్వు క్యామ్ ముక్కు రాకర్‌కు సరిగ్గా అవతలి దిక్కు చూస్తుంటే చాలు.

ప్రశ్న: ఫీలర్ గేజ్‌తో అన్నీ మాన్యువల్ ప్రకారమే వచ్చాయి. మూడోసారి కూడా సరిచూశాను. అయినా ఒక వాల్వు టిక్ టిక్ మంటూనే ఉంది. ఇంకాస్త బిగించనా?

జవాబు: దయచేసి బిగించకండి. చెవిని తృప్తిపరచడానికి గ్యాప్ తగ్గించడమే వాల్వులు కాలడానికి రాచబాట. ఆ రాకర్‌ను పైకెత్తి కొసను వెలుతురులో చూడండి. వాల్వు కాడ తగిలి తగిలి అక్కడ చిన్న గుంట పడి ఉంటుంది. బ్లేడు వెడల్పుగా, తిన్నగా ఉంటుంది కాబట్టి ఆ గుంట మీద వంతెనలా నిలబడుతుంది. బ్లేడు 0.20 అని చూపినా గుంట లోతు 0.10 అయితే అసలు సందు 0.30. ఆ చప్పుడు దానిదే. సన్నటి బ్లేడు దొరికితే దానితో, లేదా రాకర్ మీద డయల్ గేజ్ ఆనించి పైకీ కిందికీ ఆడించి కొలిస్తే నిజం తేలుతుంది. గుంట పడిన రాకర్ మార్చడమే సరైన పని. అరగదీయించాలంటే కొస మీది గట్టి పొర పోకూడదు, ఇంట్లో ఆకురాయితో చేయవద్దు.

రాకర్ శుభ్రంగా ఉంటే క్యామ్ ముక్కు అరిగిందేమో, రాకర్ షాఫ్ట్ వదులైందేమో చూడండి. ఇంజెక్టర్ల టిక్ టిక్‌ను ట్యాపెట్ అని పొరబడేవాళ్లు కూడా ఉన్నారు. పొడుగు స్క్రూ డ్రైవర్ పిడిని చెవికి ఆనించి, కొసను ఇంజెక్టర్ మీద పెట్టి వినండి. బెల్టుకు, ఫ్యానుకు దూరంగా.

ప్రశ్న: మాది షిమ్ముల రకం. కొలిస్తే ఎగ్జాస్ట్ ఒకటి 0.22 వచ్చింది, ఉండాల్సింది 0.25 నుంచి 0.35. షిమ్ము 2.80. ఏ మందం వేయాలి?

జవాబు: కొత్త షిమ్ము మందం రావాలంటే పాత షిమ్ము మందానికి కొలిచిన గ్యాప్ కలిపి, కావలసిన గ్యాప్ తీసేయండి. మీరు మధ్యలో 0.30 కోరుకుంటే 2.80 కూడిక 0.22 తీసివేత 0.30, అంటే 2.72. మీ ఇంజనుకు షిమ్ములు 0.05 మి.మీ. తేడాతో వస్తే 2.70 వేయండి, గ్యాప్ 0.32 వస్తుంది. 2.75 వేస్తే 0.27, అదీ హద్దు లోపలే. కానీ ఎగ్జాస్ట్ గ్యాప్ ఇకముందూ తగ్గే వైపే పోతుంది కాబట్టి మా ఎంపిక 2.70. టొయోటా 1జడ్‌జడ్ వంటి ఇంజన్లలో షిమ్ము విడిగా ఉండదు, బకెట్ మందమే మారుతుంది. సూత్రం అదే.

షిమ్ము మీద అచ్చయిన అంకెను నమ్మకుండా మైక్రోమీటర్‌తో కొలవండి, అరిగి ఉండవచ్చు. అన్ని వాల్వులూ కొలిచి పట్టీ రాసుకున్నాకే ఏదైనా విప్పండి. తరచుగా ఒక వాల్వులోంచి తీసిన షిమ్ము ఇంకోదానికి సరిపోతుంది, కొత్తవి కొనాల్సినవి తగ్గిపోతాయి. వేసేటప్పుడు అంకె ఉన్న ముఖం క్యామ్ వైపు కాకుండా బకెట్ వైపు ఉండాలి.

షిమ్ము బకెట్ పైన ఉండే రకంలో, బకెట్‌ను నొక్కిపట్టే పనిముట్టు ఉంటే క్యామ్ తీయనక్కర్లేదు. బకెట్ కింద ఉండే రకంలో క్యామ్ తీయాల్సిందే, అది మొదటిసారి చేసేవాళ్లకు మేం సలహా ఇవ్వం. క్యామ్ క్యాపులను ఒక్కొక్కటిగా పూర్తిగా విప్పేస్తే స్ప్రింగుల ఒత్తిడి ఒకవైపే పడి క్యామ్ విరగవచ్చు. మాన్యువల్ చెప్పిన వరసలో, అన్నింటినీ సమంగా, కొద్దికొద్దిగా వదలాలి. క్యాపులు ఏవి ఎక్కడివో, ఏ దిక్కు చూస్తాయో గుర్తులుంటాయి, అవి మారకూడదు. చైన్‌కూ స్ప్రాకెట్‌కూ రంగు గుర్తు పెట్టి, చైన్ లోపలికి జారిపోకుండా తీగతో కట్టాలి.

ప్రశ్న: కారును సీఎన్‌జీకి మార్పించాం. ట్యాపెట్లు తరచుగా చూసుకోవాలంటున్నారు. ఎందుకు, ఎంత తరచుగా?

జవాబు: గ్యాస్ పొడి ఇంధనం. ద్రవ పెట్రోలు లోపలికి వస్తూ ఇన్లెట్ వాల్వును కాస్త చల్లబరుస్తుంది, గ్యాస్‌కు ఆ గుణం లేదు. సీటుకూ వాల్వుకూ మధ్య ఇనుము ఇనుమును నేరుగా కొట్టుకోవడం ఎక్కువవుతుంది, సీటు లోపలికి అణిగిపోతుంది. ఎల్‌పీజీతోనూ ఇంతే. కారు తయారీలోనే గ్యాస్ కోసం గట్టి సీట్లు వేసి ఉంటే ఈ బాధ తక్కువ. తర్వాత మార్పించినవాటిలో ఎక్కువ.

ఎంత తరచుగా అన్నది మీ ఇంజనే చెబుతుంది. మార్పించిన రోజే ఒకసారి, 10,000 కి.మీ. తర్వాత ఇంకోసారి కొలిచి రాసుకోండి. ఎగ్జాస్ట్ 0.30 నుంచి 0.26 కి వచ్చిందనుకుందాం. 10,000 కి 0.04 తగ్గిందన్నమాట. కింది హద్దు 0.25 అయితే ఇంకో రెండు మూడు వేల కి.మీ.లోనే దాటిపోతుంది, ఇప్పుడే పై హద్దు దగ్గర, 0.34 కి సెట్ చేసి మళ్లీ 10,000 కి చూడాలి. అదే తగ్గుదల 0.01 మాత్రమే అయితే 20,000 కి చూసినా ఫరవాలేదు. ప్రతిసారీ ఒకే సిలిండర్ ఎక్కువగా తగ్గుతుంటే ఆ సీటు పాడవుతోంది. స్క్రూ చివరిదాకా వెనక్కి వచ్చేసినా, దొరికే అతి పలచటి షిమ్ము వేసినా గ్యాప్ రాకపోతే సెట్టింగ్ కాలం తీరింది. హెడ్డు దింపి గట్టి సీట్లు వేయించాలి.

ప్రశ్న: ట్యాపెట్లు చేశాక కవర్ దగ్గర ఆయిల్ కారుతోంది. బోల్టులు ఇంకా బిగించినా ఆగడం లేదు.

జవాబు: బిగించడమే కారణం కావచ్చు. కవర్ బోల్టుల టార్క్ చాలా ఇంజన్లలో 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలే. అంతకు మించితే రేకు కవర్ వంగుతుంది, ప్లాస్టిక్‌ది పగులుతుంది, రబ్బరు ప్యాకింగ్ బయటికి పిండుకుపోతుంది. విప్పి, రెండు వైపులా పాత ప్యాకింగ్ ముక్కలు, ఆయిల్ పూర్తిగా తుడిచి, కొత్త ప్యాకింగ్ వేయండి. అర్ధచంద్రాకారపు రబ్బరు బిళ్లలుంటే అవీ, ప్లగ్గుల గొట్టాల చుట్టూ ఉండే రింగులూ మార్చండి. ఆ రింగులు కారితే ఆయిల్ ప్లగ్గుల గుంతల్లో నిండి మిస్సింగ్ వస్తుంది. సిలికాన్ సీలెంట్‌ను ప్యాకింగ్ అంతటా రాయకండి. క్యామ్ క్యాప్ హెడ్డుతో కలిసే మూలల్లో మాత్రమే చిన్న చుక్క చాలు. ఎక్కువైనది లోపల ఊడి ఆయిల్ దారుల్లో అడ్డం పడుతుంది. బోల్టులను మధ్య నుంచి కొసలకు, రెండు మూడు విడతల్లో బిగించండి.

ప్రశ్న: ఒక ఎగ్జాస్ట్ వాల్వుకు గ్యాప్ అసలు లేదు. సెట్ చేసి 0.25 కి తెచ్చాను. అయినా ఆ సిలిండర్ మిస్సింగ్ పోలేదు.

జవాబు: వాల్వు అంచు అప్పటికే కాలి ఉండవచ్చు, కానీ ఊహతో హెడ్డు దింపకండి. ముందు కంప్రెషన్ చూడండి. ఇంజను వేడిగా ఉండాలి, ప్లగ్గులన్నీ తీయాలి, ఇంధనం, ఇగ్నిషన్ ఆపాలి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి క్రాంక్ చేయాలి. మిగతా మూడింటికంటే అది 15 శాతానికి మించి తక్కువైతే లోపం యంత్రభాగాల్లోనే ఉంది. ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే లోపం పిస్టన్ రింగుల్లో, పెరగకపోతే వాల్వులో.

తర్వాత ఆ పిస్టన్‌ను కంప్రెషన్ టిడిసికి తెచ్చి, బండిని గేర్‌లో పెట్టి, చక్రాలకు అడ్డు పెట్టి, ప్లగ్గు రంధ్రంలోకి గాలి ఎక్కించండి. పుల్లీ మీద స్పానర్ ఉంచకండి, గాలి ఒత్తిడికి ఇంజను ఒక్కసారిగా తిరిగితే అది చేతికి తగులుతుంది. గాలి ఎక్కణ్ణించి బయటికి వస్తుందో చెవి పెట్టి వినండి. సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, గాలి ఫిల్టర్ వైపు వినిపిస్తే ఇన్లెట్, ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు. రేడియేటర్‌లో బుడగలు లేస్తే హెడ్డు ప్యాకింగ్. ఈ పరీక్ష మొదలుపెట్టే ముందు ఆ వాల్వు గ్యాప్‌ను ఇంకోసారి కొలవండి. లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ తిరిగిపోయి వాల్వు ఇంకా తెరుచుకునే ఉంటే, కాలకపోయినా సైలెన్సర్‌లో అదే బుస్సు వినిపిస్తుంది.